అమెరికా మంచు మిషనూ, మా కలుపు మిషనూ, నా వేలూ

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పవర్ వీడర్ ఉన్నోళ్లు, కొనాలని చూస్తా ఉండేటోళ్లు ఓపిగ్గా చదవండి. మామిడికి మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరు, గడ్డి కోసే మిషను ఉన్నోళ్లకి కూడా ఇందులో సగం పనికొస్తుంది.

మా అక్క కొడుకు అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రంలో ఉన్నాడు. ఈ చలికాలంలో ఒకరోజు పొద్దున ఆరున్నరకి, పాలు పిండి వచ్చి కాఫీ తాగతా ఉంటే వీడియో కాల్ చేసినాడు. వాళ్లకి అప్పుడింకా ముందు రోజు రాత్రి ఏడు. తలకి కోతిటోపీ, చేతులకి గ్లవ్సులు, వెనకంతా తెల్లగా మంచు. "మామా, నీ కలుపు మిషను స్టార్టు కాకుంటే మొదట ఏం చూస్తావు?" అన్నాడు. అంత దూరం నుంచి ఫోను చేసి కలుపు మిషను గురించి అడిగేదేంటికని నాకు నవ్వొచ్చింది.

సంగతేమంటే, వాడికాడ మంచు ఎత్తిపోసే మిషను ఉంది. స్నో బ్లోవర్ అంటారు. ముందర అడ్డంగా డబ్బా లాంటిది, దాంట్లో మెలితిరిగిన ఇనుప రేకు. వరి కోత మిషను ముందర పైరుని రెండు పక్కల నుంచి నడిమికి లాక్కునే మర ఉంటుంది చూడండి, అట్లాంటిదే. ఈ మర మంచుని నడిమికి లాగితే, వెనకుండే రెక్కల చక్రం దాన్ని పైనున్న గొట్టంలో నుంచి దూరంగా విసిరేస్తాది. వాళ్లుండేది మినియాపొలిస్ నగరం. మంచు పడేది ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందర నడిచేదారి ఎవరిది వాళ్లే శుభ్రం చేయాలని అక్కడ మునిసిపాలిటీ రూలు. వీడి మిషనేమో తాడు గుంజి గుంజి భుజం పడిపోయినా ఉలకలేదు.

వాడు కెమెరా ఇంజను మీదికి తిప్పినాడు. చూస్తే మా వీడర్ ఇంజనుకి సొంత అన్నదమ్ముడు. ఒకటే సిలిండరు, ఫోర్ స్ట్రోకు, తాడు గుంజి స్టార్టు చేసేది. పైన ట్యాంకు, పక్కన కార్బరేటరు, దాని కింద చిన్న గిన్నె. అంతా అదే.

"ఆఖరుసారి ఎప్పుడు తోలినావురా?" అన్నాను.

"మార్చిలో మామా."

"ట్యాంకులో పెట్రోలుందా?"

"సగం ఉంది."

"అది ఎప్పటిది?"

వాడు కొంచేపు మాట్లాడలేదు. "మార్చిదే" అన్నాడు.

నాకు జబ్బు తెలిసిపోయింది. ఎందుకంటే అదే జబ్బు నా మిషనుకి వచ్చి, నా చేత అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టించింది. ముందు ఆ కథ చెప్తాను.

2024 నవంబరులో ఎకరం టమోటా నాటినాను. నెల ఆఖర్లో ఫెంగల్ తుపాను వచ్చింది. పుదుచ్చేరి దగ్గర తీరం దాటినా మన తిరుపతి, చిత్తూరు పక్కన కూడా ముసురు పట్టింది మీకు గుర్తుండే ఉంటుంది. ముసురు వదిలి ఎండ రాగానే కలుపు ఎట్లా లేస్తాదో మీకు చెప్పేపని లేదు. తుంగ, గరిక, వయ్యారిభామ, ఒకదాన్ని మించి ఒకటి. సాళ్ల మధ్యలో వీడర్ తోలదామని కొట్టంలోంచి మిషను బయటికి తీసినాను. జూలైలో మామిడి తోటలో తోలి పెట్టేసిన మిషను. ట్యాంకులో రెండు లీటర్లకి పైనే పెట్రోలుంది. వేస్టు చేయకూడదని అట్లే ఉంచినాను. మనకి పెట్రోలు పారబోసేదంటే పానం పోతాది కదా.

తాడు గుంజినాను. స్టార్టు కాలేదు. చోక్ వేసి, తీసి, మళ్లీ వేసి గుంజినాను. మా ఇంటామె గుంజింది. పక్క చేనాయన గుంజినాడు. చేసేది లేక ఆటోలో వేసుకొని టౌనుకి ఒక మెకానిక్ దగ్గరికి తీసుకుపోయినాను. చూడకుండానే కార్బరేటరు పోయిందన్నాడు. కొత్తది వేసి 1,400 తీసుకున్నాడు. ఆ పని కోసం తొమ్మిది రోజులు మిషను ఆయన అంగట్లోనే ఉండిపోయింది. ఇంటికి తెచ్చి రెండు సాళ్లు తోలేసరికి మళ్లీ గుటుకు గుటుకుమని ఆగిపోయింది. అప్పటికి కలుపు మోకాటి దాకా వచ్చింది. ఇరవై రెండు మంది ఆడకూలీలని పెట్టి తీయించినాను. మనిషికి 350 లెక్కన 7,700. ఆ తొమ్మిది రోజులు మా ఇంటామె ఎండకి వంగి తొలికతో తీసింది వేరే. దానికి లెక్కలేదు.

ఆఖరికి బాగు చేసింది ఎవరంటే, మా పక్క ఊర్లో బోరు మోటర్లకి వైండింగు చేసే పెద్దాయన. ఆయన ఇంజను ముట్టనే లేదు. కార్బరేటరు గిన్నె కింద చిన్న బోల్టు ఉంటుంది, దాన్ని వదులు చేసి లోపలున్నది నీళ్ల సీసాలో పట్టినాడు. సీసా ఎండకి ఎత్తి చూపించినాడు. "ఏం కనపడతాంది నాయనా?" అన్నాడు. పైన పెట్రోలు, అడుగున వేరే రంగులో ఒక పొర. మధ్యలో గీత గీసినట్టు ఉంది. వాసన చూడమన్నాడు. పెట్రోలు వాసన కాదు, పాత వార్నీషు వాసన. "కొత్త కార్బరేటరు వేసి పాత నీళ్లు తాగిస్తే ఎట్లా?" అన్నాడు. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, గిన్నె తీసి కడిగి, జెట్టు రంధ్రంలో సన్నని రాగి వైరు పోగు దూర్చి, కొత్త పెట్రోలు పోసి గుంజితే మూడో గుంజుడికి స్టార్టయింది. ఇరవై నిమిషాల పని. ఎంతిమ్మంటావన్నా అంటే టీ ఇప్పించమన్నాడు.

ఇది ఎందుకు జరుగుతుందో ఆయన చెప్పినాడు, తర్వాత నేనూ తెలుసుకున్నాను. ఇప్పుడు బంకులో పోసేది ఒట్టి పెట్రోలు కాదు. అందులో ఇథనాల్ కలుస్తుంది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు మొదలుపెట్టినారు. మొదట 2030కి అనుకున్న లెక్కని ముందుకు జరిపి 2025కే చేరుకున్నారు. ఇథనాల్ అంటే చెరుకు, మొక్కజొన్న, నూకలతో తీసే స్పిరిటు. మన చిత్తూరు, గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీలు మూతపడి ఏళ్లయింది, చెరుకు వేసేటోళ్లు వేరే పంటలకి పోయినారు. ఎక్కడోళ్ల చెరుకు మాత్రం స్పిరిటై మన ట్యాంకులోకి వస్తాంది. సరే, అది వేరే కథ.

ఈ స్పిరిటు గాలిలో ఉండే తేమని పీల్చుకుంటుంది. రోజూ తోలే బైకులో ఆ పెట్రోలు ఎప్పటికప్పుడు కాలిపోతుంది కాబట్టి ఏమీ తెలియదు. నెలల తరబడి నిలబెట్టిన మిషనులో తేమ చేరతా చేరతా, ఒక హద్దు దాటితే నీళ్లూ స్పిరిటూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగతాయి. కార్బరేటరుకి పోయే పైపు ఉండేది ట్యాంకు అడుగునే. అంటే ఇంజను మొదట తాగేది ఆ నీళ్లే. ఇంకోపక్క పెట్రోలులో తేలికగా ఎగిరిపోయేది ఎగిరిపోయి, మిగిలింది జిగురులాగా పట్టుకొని జెట్టుని మూసేస్తాది. ఆ రంధ్రం సూది మొన కంటే సన్నం. మా మేనల్లుడి కాడ మామూలుగా పోసే పెట్రోలులో 10 శాతం కలుస్తుందంట. సగమే అయినా ఎనిమిది నెలలు నిలబెడితే అక్కడా అదే గతి.

కాబట్టి వాడికి నేను చెప్పింది ఇది. ఇంకా తాడు గుంజొద్దు. స్పార్కు ప్లగ్గు తీసి చూడు. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరు దాకా రాలేదని అర్థం. తడిగా ఉంటే పెట్రోలు వస్తాంది, నిప్పు అంటుకోవడం లేదు, లేదా చోక్ వేసి ఎక్కువసార్లు గుంజి ముంచేసినావు. తడిగా ఉంటే తుడిచి ఆరబెట్టి, నిప్పురవ్వ వస్తాందా అని చూడాలి. ప్లగ్గుని క్యాపులో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజనుకి ఆనించి తాడు గుంజితే నీలంగా చిటుక్కుమనాలి. ఈ పని చేసేటప్పుడు ప్లగ్గుని దాని రంధ్రం పక్కన పెట్టొద్దు, దగ్గర్లో పెట్రోలు డబ్బా పెట్టొద్దు. చేత్తో ప్లగ్గు ఇనుము పట్టుకోవద్దు, షాక్ కొడతాది.

వాడి ప్లగ్గు పొడిగా ఉంది. "అయితే కాక్ మూసి, గిన్నె కింద బోల్టు విప్పు. అంతకుముందు ఆ గ్యారేజీలో హీటరు ఉంటే ఆపేయి, తలుపు తీయి" అన్నాను. గ్లాసు సీసాలో పట్టి కెమెరాకి చూపించినాడు. నాకు బోరు మోటర్ల పెద్దాయన ఎత్తి చూపించిన సీసానే కనిపించింది. అదే గీత. ప్రపంచంలో ఆ చివర కూడా పెట్రోలు ఒకే తీరుగా చెడిపోతాంది.

వాడు మొత్తం తీసి కడిగి కొత్త పెట్రోలు పోసేసరికి గంట పట్టింది. ఈలోపు నేను రెండు ఆవులకి గడ్డి వేసి వచ్చినాను. స్టార్టయింది. చోక్ ఉన్నంతసేపు ఆడతాంది, చోక్ తీస్తే ఆగిపోతాంది అన్నాడు. అంటే జెట్టు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. మళ్లీ విప్పించినాను. మన మిషన్లలో కూడా ఇది బాగా కనపడతాది, చాలామంది చోక్ సగం వేసే తోలుతుంటారు. అట్లా తోలొద్దు. పెట్రోలు ఎక్కువ తాగతాది, ప్లగ్గు నల్లగా మసిబారతాది. రెండోసారి కడిగినాక చోక్ తీసినా నిలకడగా ఆడింది.

ఇంకొక రోగం కూడా చెప్తాను, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనుక్కున్నాను. మిషను బాగా స్టార్టయి, పది నిమిషాలు తోలినాక దానంతట అది ఆగిపోతాది. కొంచేపు వదిలేస్తే మళ్లీ ఆడతాది. అప్పుడు ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూత వదులు చేస్తే ఆగకుండా ఆడిందంటే, ఆ మూతలో గాలి పోయే సన్నని దారి దుమ్ముతో మూసుకుపోయిందని అర్థం. ట్యాంకులోకి గాలి పోకుంటే పెట్రోలు కిందికి దిగదు. మూత కడిగితే చాలు. దీనికి మా ఊర్లో ఒకాయన కాయిల్ మార్పించుకున్నాడు, పాపం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మిషను ఆడతాంది కదా అని నేను ఫోను పెట్టబోతా ఉంటే వాడు మంచులోకి తోలినాడు. తడి మంచు. కొంచేపటికి గొట్టంలో గడ్డకట్టుకుపోయింది. వాడేమో ఫోను గోడ మీద పెట్టి, ఇంజను ఆడతానే ఉండగా వంగి గొట్టంలోకి చెయ్యి పెట్టబోయినాడు. నేను ఇక్కడ గట్టిగా అరిచినాను. మా ఇంటామె వంటింట్లోంచి పరిగెత్తి వచ్చింది.

మీలో నన్ను ఎరిగినోళ్లకి తెలుసు, నా ఎడమచేతి ఉంగరపు వేలికి చివరి గణుపు లేదు. ఏమైందని అడిగినోళ్లందరికీ కొడవలి తెగిందని చెప్పినాను. అది అబద్ధం. 2022లో మామిడి తోటలో వీడర్ తోలుతా ఉంటే పాత డ్రిప్పు లాటరల్ ముక్క బ్లేడ్లకి చుట్టుకునింది. ఇంజను ఆపితే మళ్లీ తాడు గుంజాల కదా అని ఆపలేదు. హ్యాండిలు మా ఇంటామెకి ఇచ్చి, క్లచ్ వదిలేసి పట్టుకోమని చెప్పి, నేను ముందరికి పోయి పైపు గుంజినాను. బ్లేడ్లు తిరిగినాయి. సగం చుట్టు తిరిగింటాయి అంతే. అంతలోనే వేలు పోయింది.

ఆ నొప్పిలో నేను మా ఇంటామెని అరిచినాను, నువ్వే క్లచ్ నొక్కినావని. ఆమె నొక్కలేదని ఒక్కసారి చెప్పింది. తర్వాత ఇంకేమీ అనలేదు. ఊర్లో ఆమె మీద మాట రాకూడదని నేనే కొడవలి కథ పుట్టించినాను, అది కూడా ఏదో నేను పెద్దమనసు చేసినట్టు. అప్పటి నుంచి ఆమె మిషను ముట్టుకోవాలంటే వెనకాడేది. 2024లో తాడు గుంజినప్పుడు కూడా భయపడతానే గుంజింది.

బోరు మోటర్ల పెద్దాయన మిషను బాగు చేసిన రోజే ఇంకొకటి చూపించినాడు. క్లచ్ లీవరు వదిలినా దాని వైరు పూర్తిగా వెనక్కి రావడం లేదు. గొట్టం లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయింది. "ఇది ఎప్పటి నుంచో ఇట్లే ఉన్నట్టుంది. లీవరు వదిలినా బ్లేడ్లు నిదానంగా తిరగతానే ఉంటాయి, జాగ్రత్త" అన్నాడు. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆమె నొక్కలేదు. ఆమె చెప్పింది నిజం. నేను మిషను కొన్నప్పటి నుంచి ఆ వైరుకి ఒక్క చుక్క నూనె వేసిన పాపాన పోలేదు.

ఈ మాట ఇంట్లో చెప్పినానా? లేదు. వైరు మార్చి ఊరుకున్నాను. ఏడాది పైన అట్లే ఉన్నాను. మొన్న మా మేనల్లుడి చెయ్యి ఆ గొట్టం దగ్గర చూసినప్పుడు నోట్లో నుంచి వచ్చేసింది. "రేయ్, నా వేలు కొడవలికి పోలేదురా, ఇట్లే పోయింది. మీ అత్త తప్పు కూడా కాదు, వైరు తుప్పు పట్టింది, తప్పు నాది" అన్నాను. ఆమె పక్కనే నిలబడి ఉంది.

వాడు ఇంజను ఆపినాడు. ప్లగ్గు క్యాపు పీకమన్నాను, పీకినాడు. గొట్టంలో మంచు తీసేదానికి మిషనుతో పాటే ప్లాస్టిక్ కర్ర ఇచ్చుంటారు, అది దాని మీదనే తగిలించి ఉంది. ఇన్నేళ్లూ అదేందో వాడికి తెలియదంట! అక్కడ ఇంకొక ప్రమాదం ఉంది. ఇంజను ఆపేసినా, లోపల రెక్క మంచుకి ఇరుక్కొని బెల్టు బిగిసి ఉంటే, అడ్డం తీయగానే ఆ బిగువుకి రెక్క ఒక్కసారి విదిలిస్తాది. మన బ్లేడ్లకి గట్టిగా తీగ చుట్టుకున్నప్పుడు కూడా అంతే. అందుకే ఇంజను ఆపి, ప్లగ్గు క్యాపు పీకి, కర్రతోనో కొడవలితోనో కోసి తీయండి. చేత్తో వద్దు. చేతితో తీస్తే మిగిలేది రెండు నిమిషాలు.

అన్నట్టు, వాడి మిషను మరకి చిన్న పిన్నులు ఉంటాయి. రాయి తగిలితే ముందు ఆ పిన్ను తెగతాది, గేరుబాక్సు మిగులుతాది. మన ట్రాక్టరు రొటావేటరు షాఫ్టులో కూడా అట్లాంటి బోల్టే ఉంటుంది. అది తెగిందని మనోళ్లు గట్టి బోల్టు బిగించేది నేను చూస్తానే ఉన్నాను. తెగేదానికే పెట్టిన బోల్టు అది. గట్టిది వేస్తే తర్వాత తెగేది గేరుబాక్సే.

ఇప్పుడు నేను మిషను విషయంలో చేస్తా ఉండేది చెప్తాను. పని అయిపోయి నెల పైన నిలబెట్టాలంటే, ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసి బైకులో పోసేస్తాను. వేస్టు అయ్యేది ఏమీ లేదు. తర్వాత కాక్ తెరిచి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా ఆడిస్తాను. గిన్నె బోల్టు విప్పి మిగిలిన చుక్కలు కూడా వదిలేస్తాను. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో చెంచా ఇంజన్ ఆయిలు వేసి, తాడు నిదానంగా రెండుసార్లు గుంజి, బిగువు తగిలినకాడ వదిలేస్తాను. అట్లా చేస్తే వాల్వులు మూసుకొని ఉంటాయి, తేమ లోపలికి పోదు.

ఇంజన్ ఆయిలు విషయంలో మనం చాలా అన్యాయం చేస్తాం. ఈ ఇంజన్లు పట్టేది అరలీటరు పైన కొంచెం, అంతే. మొదటిసారి 20 గంటలు తోలినాక మార్చాల. తర్వాత 100 గంటలకి అంటారు గానీ మన దుమ్ముకి నేను 50కే మారుస్తాను. చూసేటప్పుడు మిషను సమంగా ఉండే నేల మీద పెట్టి చూడండి. కొన్ని ఇంజన్లలో ఆయిలు తగ్గితే స్టార్టు కాకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. గెనెం మీద వాలుగా పెట్టి గుంజినా అది ఆపేస్తాది, మనమేమో మిషను చెడిపోయిందనుకుంటాం. బ్లేడ్లు విప్పేదానికి మిషను పడుకోబెడితే కార్బరేటరు ఉండే పక్క పైకి ఉండాల. లేకుంటే ఆయిలు ఫిల్టరులోకి పోయి తెల్లగా పొగ కక్కుతాది.

ఎయిర్ ఫిల్టరు స్పంజిది అయితే సోపునీళ్లలో కడిగి, బాగా ఆరబెట్టి, శుభ్రమైన ఆయిలులో ముంచి గట్టిగా పిండి పెట్టాల. వేసవిలో మామిడి తోటలో తోలితే ప్రతి రెండు రోజులకీ చూడండి. కొట్టంలో ఎలకలు పెట్రోలు పైపు కొరుకుతాయి, ఫ్యాను కవరు లోపల గూడు కూడా పెడతాయి. తీసే ముందు ఒకసారి తొంగిచూడండి.

మందు కొట్టే స్ప్రేయరు, గడ్డి మిషను చాలావరకు టూ స్ట్రోకువి. వాటికి పెట్రోలులో టూటీ ఆయిలు కలపాల, ఎంత కలపాలనేది మిషను పుస్తకంలో ఉంటుంది. ఒట్టి పెట్రోలు పోస్తే పిస్టను పట్టేస్తాది. రెండు డబ్బాలు వేరేవేరేగా పెట్టి, మీద రంగు పూసుకోండి. మా ఇంట్లో ఎర్రది వీడరుకి, పచ్చది స్ప్రేయరుకి.

క్లచ్ వైరు సంగతి మరిచిపోవద్దు. లీవరు వదిలినప్పుడు కొంచెం లూజు ఆడాల. ఇంజను ఆడతా ఉండగా లీవరు వదిలి, దూరంగా నిలబడి బ్లేడ్లు చూడండి. నిదానంగా తిరిగినా సరే, ఆ రోజు మిషను తోలొద్దు.

ఆరోజు ఫోను పెట్టేసినాక మా ఇంటామె నాతో ఏమీ మాట్లాడలేదు. కాఫీ గ్లాసు తీసుకొని లోపలికి పోయింది. మధ్యాన్నం సంగటి పెట్టింది, అప్పుడూ మాటలేదు. సాయంత్రం ఆవులకి నీళ్లు పెడతా, నా పక్కకి చూడకుండానే అడిగింది, "ఆ వైరు మార్చినావా?" అని. మార్చినానన్నాను. "నూనె వేసినావా?" అనింది. వేసినానన్నాను. మరుసటి రోజు టమోటా చేన్లో ఒక సాలు తనే తోలింది. ఈ పోస్టు పెట్టేముందు ఆమెకి చదివి వినిపించినాను. వేలు సంగతి తీసేయమంటుందేమో అనుకున్నాను. తీసేయొద్దనింది.

ఆదివారం నేను ఇంటికాడే ఉంటాను. స్టార్టు కాని మిషన్లు ఉన్నోళ్లు తెచ్చుకోండి, చూద్దాం. పాత పెట్రోలు మాత్రం తీసేసి, ఒక సీసాలో కొంచెం పట్టుకొని రండి.